చెవికి తెలిసిన మాట

ఆగస్టు 29 అనగానే మనందరికీ గిడుగు వెంకట రామమూర్తి గారు గుర్తొస్తారు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం కదా. స్కూల్లో వక్తృత్వ పోటీ కోసం మనలో చాలామంది ఆయన మీద పది లైన్లు బట్టీపట్టే ఉంటారు. పర్లాకిమిడిలో మేష్టారు, గ్రాంథికవాదులతో పోరాటం, వ్యావహారిక భాషోద్యమ పితామహుడు, ఇలా. ఆ పది లైన్లలో ఎక్కడో ఒక మూల ఇంకో లైను ఉంటుంది, సవర భాషకు కూడా సేవ చేశారని. ఆ "కూడా" దగ్గరే నాకు పేచీ. ఆయన జీవితం గురించి చదివినకొద్దీ నాకు అనిపించింది ఏమిటంటే, అసలు కథ ఆ లైనులోనే ఉంది. మిగతా తొమ్మిది లైన్లకూ దారి అక్కడే పడింది.

ఆ కథంతా ఒక చిన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. అక్షరం ముక్క రాని పిల్లాడికి చదవడం ఎలా నేర్పాలి? వాడి చేతిలో పెట్టే మొట్టమొదటి పుస్తకం ఎలా ఉండాలి?

ఇప్పుడు కాన్వెంట్లలో ఫోనిక్స్ అన్న మాట బాగా వినబడుతోంది. అక్షరం పేరు కాకుండా అది పలికే శబ్దాన్ని ముందు నేర్పుతారు. రెండు మూడు శబ్దాలు కలిపి మాట చదివిస్తారు. అలాంటి చిన్న చిన్న మాటలతోనే అల్లిన సన్నటి పుస్తకాలు ఇస్తారు. పిల్లాడు ఎవరి సాయం లేకుండా ఒక పుస్తకం చివరిదాకా చదివేస్తాడు. వాడికి ధైర్యం వస్తుంది. ఇదంతా ఈమధ్య వచ్చిన పద్ధతి అనుకుంటాం గానీ, నూటపాతికేళ్ళ కిందట పర్లాకిమిడిలో ఒక చరిత్ర మేష్టారు ఇలాంటి పనే మొదలుపెట్టారు. అది కూడా అప్పటికి అచ్చు పుస్తకాల్లోకి ఎక్కని ఒక కొండభాషలో.

రామమూర్తి గారు 1863లో పుట్టారు. ఊరు పర్వతాలపేట, శ్రీకాకుళం వైపు, శ్రీముఖలింగానికి దగ్గర్లో. తండ్రి వీర్రాజు గారు పర్లాకిమిడి జమీందారీలో రెవిన్యూ ఉద్యోగి. ఆయన చోడవరానికి బదిలీ అయి, 1875లో అక్కడే విషజ్వరంతో చనిపోయారు. అప్పటికి రామమూర్తి గారికి పన్నెండేళ్ళు. ఆ తర్వాత మేనమామ అండతో విజయనగరంలో మహారాజావారి స్కూల్లో చదువుకున్నారు. అక్కడ ఆయన తోటి విద్యార్థి ఎవరో తెలుసా? గురజాడ అప్పారావు గారు. తర్వాతి కాలంలో తెలుగు రాతను మార్చేసిన ఇద్దరు మనుషులు ఒకే బడి పిల్లలన్నమాట.

1879లో మెట్రిక్యులేషన్ అయింది. ఇల్లు గడవాలి, పై చదువుకి వెళ్ళే వీలు లేదు. 1880లో, పదిహేడేళ్ళు నిండీ నిండకుండానే, పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఫస్టు ఫారం పిల్లలకి చరిత్ర చెప్పే ఉద్యోగంలో చేరారు. జీతం నెలకు 30 రూపాయలు. మనలో కొంతమంది ఇంటర్ రెండో ఏడు చదివే వయసది. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఎ., ఆ తర్వాత బి.ఎ. పాసయ్యారు.

ఆయనలో నాకు బాగా నచ్చిన గుణం ఒకటుంది. ఏది నేర్చుకోవాలన్నా ఎవరో వచ్చి నేర్పాలని కూర్చోలేదు. శ్రీముఖలింగం గుళ్ళలో గాంగ రాజుల కాలంనాటి శాసనాలు చాలా ఉన్నాయి. వాటి లిపి ఇప్పటి లిపి కాదు. చదవడం నేర్పే గురువు దగ్గర్లో లేరు. ఆయన తనంతట తానే రాళ్ళ ముందు కూర్చుని ఒక్కొక్క అక్షరం పోల్చుకుంటూ చదవడం నేర్చుకున్నారు. నడగాం దగ్గర దొరికిన రాగిరేకుల శాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించే స్థాయికి వెళ్ళారు. గాంగుల రాజధాని కళింగనగరం అంటే ముఖలింగమేనని వాదించారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. బళ్ళో పాఠాలు చెప్పే పెద్ద మేష్టారు, గుళ్ళో రాతిగోడ ముందు మళ్ళీ ఒకటో తరగతి పిల్లాడయ్యారు. ఒక గీత కనిపిస్తుంది, అది ఏ శబ్దమో ఊహించాలి, పక్క గీతతో కలపాలి. అప్పుడు ఒక మాట వచ్చినట్టు అనిపించాలి. ఆ మాట తెలిసినదైతే ఊహ సరైనదే, కాకపోతే మళ్ళీ మొదటికి. శాసనం చదవడమంటే ఇదే. సంస్కృతమూ తెలుగూ ఆయనకు ముందే వచ్చు కాబట్టి అక్షరాలు లొంగాయి. ఆ భాషలే రాకపోతే ఆ గీతలన్నీ శబ్దాలుగా మారినా అర్థం మాత్రం పుట్టేది కాదు. చదువు ఎక్కడ ఆగిపోతుందో, ఎక్కడ ముందుకి కదులుతుందో ఆయనకు ఆ రాళ్ళ దగ్గరే ఒంటపట్టి ఉంటుందని నా ఊహ.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. వాటి మీద సవరలు. చాలా పాత జాతి. ఐతరేయ బ్రాహ్మణంలోనే శబరుల ప్రస్తావన ఉంది. వాళ్ళ భాష తెలుగుకి చుట్టం కాదు, ఒడియాకి చుట్టం కాదు. ముండా శాఖకి చెందినది, ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబం. అంటే మన సవరకి వియత్నాం, కంబోడియా భాషలు దూరపు బంధువులు. లెక్కపెట్టే తీరు కూడా వేరే. మనం పది దాటాక మళ్ళీ ఒకటి కలుపుతాం. సవరలో పన్నెండు దాకా వెళ్ళాక అప్పుడు ఒకటి కలుపుతారు, పదమూడంటే పన్నెండూ ఒకటీ. ఇరవై దగ్గర ఇంకో మెట్టు. ముప్ఫై రెండంటే ఇరవై మీద పన్నెండు. డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌లో బేస్ మార్చడం గురించి తెగ చదువుతాం గానీ, మన పక్క కొండల మీదే ఇంకో బేస్‌లో లెక్కపెట్టే పిల్లలు ఉన్నారని మనకి ఎవరూ చెప్పలేదు.

ఇలాంటి పిల్లాడు కొండ దిగి తెలుగు బడిలో కూర్చుంటే ఏమవుతుంది? అక్షరం కొత్త, పుస్తకం కొత్త, మేష్టారి మాట కొత్త, లెక్క కూడా కొత్తే. వాడికి బుర్ర లేదని తేల్చేయడం అందరికీ సులువు. రామమూర్తి గారు అలా తేల్చలేదు. పిల్లాడు మన భాష నేర్చుకుని రావాలని కాకుండా, తాను వాళ్ళ భాష నేర్చుకోవాలనుకున్నారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకున్నారు. బళ్ళో చరిత్ర పాఠాలు, ఇంటికొచ్చాక సవర. ఒక నెల కాదు, ఒక ఏడు కాదు, ఏళ్ళ తరబడి. సవరల ఊళ్ళకు వెళ్ళారు, పాటలు సేకరించారు, మాటలు రాసుకున్నారు.

రాసుకున్నారు అని సులువుగా అనేశాను. ఎలా రాసుకోవాలి అన్నదే అసలు తలనొప్పి. తెలుగు లిపిలో మనకి ఖ, ఘ, ఛ, ఝ లాంటి ఒత్తక్షరాలు బోలెడు. సవరకు వాటితో పనే లేదు. పోనీ, ఉన్నవి సరిపోతాయా అంటే అదీ లేదు. తెలుగు అచ్చుల్లో ఇమడని అచ్చులు సవరలో ఉన్నాయి. గొంతు టక్కున మూసుకుని తెరుచుకునే శబ్దం ఒకటుంది. చంటిపిల్లాడు స్విచ్ బోర్డు మీద చెయ్యి పెట్టబోతుంటే, అ, అ, అని మధ్యలో గొంతు బిగబట్టి వారిస్తాం చూడండి, ఆ బిగింపే. మనం దాన్ని అక్షరం కింద లెక్కే వెయ్యం. సవరలో అది నిఖార్సయిన హల్లు. అది ఉంటే ఒక మాట, లేకపోతే ఇంకో మాట. మాట చివర వచ్చే కొన్ని హల్లులు కూడా పూర్తిగా బయటికి రాకుండా గొంతులో అణిగిపోతాయి. చెవి బాగా పట్టి వింటే తప్ప తెలియదు.

మాటల తీరు కూడా చిక్కే. సవరలో చాలా నామవాచకాలకు రెండు రూపాలుంటాయి, ఒకటి నిండు రూపం, ఒకటి పొట్టి రూపం. ఆ పొట్టి రూపం వెళ్ళి క్రియలోపల దూరిపోతుంది. మనకి ఒక వాక్యం అయ్యేది వాళ్ళకి ఒకే మాట అవుతుంది. మరి మొదటి పుస్తకంలో చిన్న మాట కావాలంటే ఏది చిన్న మాట? ఎక్కడ మొదలుపెట్టాలి? తెలుగు వాచకాన్ని సవరలోకి దించేస్తే సరిపోదు. వాళ్ళ మాటల్లోంచే మొదలవ్వాలి.

ఆయన అలాగే చేశారు. తెలుగు లిపిని ఆధారం చేసుకుని సవరలో వాచకాలు రాశారు. పుస్తకాలు రాసేస్తే చదివించేది ఎవరు? సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టారు. ఆ బడుల్లో పంతుళ్ళకి జీతాలు తన జేబులోంచే ఇచ్చారు. 30 రూపాయలతో ఉద్యోగం మొదలుపెట్టిన మనిషి, బ్యాంకు బ్యాలెన్సు చూసుకుని చేసిన పని కాదిది. మద్రాసు ప్రభుత్వం ఈ పనిని గుర్తించి 1913లో ఆయనకు బిరుదు ఇచ్చింది. సరే, బిరుదులు ఇస్తుంటారు, పుచ్చుకుంటుంటారు. కొండమీద ఒక పిల్లాడు పుస్తకం తెరిచి, అక్షరాలు కూడబలుక్కుని, అందులోంచి వాళ్ళమ్మ మాట్లాడే మాట బయటికి రావడం విన్నాడే, అది మాత్రం ఏ బిరుదుకీ తూగదు.

దీనికి ఆయన ఇచ్చుకున్న మూల్యం కూడా చెప్పుకోవాలి. ఆ మన్యంలో మలేరియా ఎక్కువ. కొండల్లో తిరిగి తిరిగి జ్వరం పట్టుకుంది. అప్పట్లో మందంటే క్వినైనే. అది ఎక్కువైతే చెవుల మీద దెబ్బకొడుతుంది. ఆయనకు చెవుడు రావడానికి కారణం ఇదేనని ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు. శబ్దాల కోసం కొండెక్కిన మనిషి చివరికి వినికిడినే పోగొట్టుకున్నారు. ఆ తర్వాత ఇంకా ముప్ఫై ఏళ్ళు ఆయన వాదించింది దేని గురించి? జనం నోట్లో పలికే భాష గురించి. ఇది చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసి పక్కన పెట్టాను.

ఇప్పుడు అందరికీ తెలిసిన భాగానికి వద్దాం. 1907లో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాలకి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. చిన్న తరగతుల్లో తెలుగు పాఠాలు విన్నారు. ఆయనకు ఒక విషయం అర్థం కాలేదు. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి, ఎందుకిలా? విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, దీనికి జవాబు చెప్పగలిగినవాళ్ళు గురజాడ, గిడుగు అని చెప్పారట. అక్కడినుంచి వ్యావహారిక భాషోద్యమం మొదలైందని మనం చదువుకున్నాం.

నాకు మాత్రం ఆ మొదలు ఇంకా వెనక కనిపిస్తుంది. ఆ ప్రశ్న యేట్స్ దొరకి కొత్త కావచ్చు, రామమూర్తి గారికి కొత్త కాదు. తెలుగు బడిలో సవర పిల్లాడి అవస్థ ఆయన అప్పటికే చూశారు. ఇప్పుడు తెలుగు బడిలో తెలుగు పిల్లాడి వైపు చూస్తే, మోతాదు తక్కువే గానీ అదే జబ్బు. పిల్లాడు ఇంట్లో వస్తున్నాడు అంటాడు, పుస్తకంలో వచ్చుచున్నాడు అని ఉంటుంది. ఇంట్లో గుర్రం, పుస్తకంలో గుఱ్ఱము. అక్షరాలన్నీ సరిగ్గా పలికినా, పలికాక వచ్చిన మాట వాడి చెవికి తెలిసినది కాదు. అందుకే పంతులు గారు మళ్ళీ దాన్ని మామూలు తెలుగులో విడమరిచి చెప్పాలి. సొంత భాషని అనువాదం చేసుకుని చదువుకోవాల్సిన గతి.

దీన్ని నేను కళ్ళారా చూశాను. మా కాలేజీ వెనక ఊళ్ళో సాయంత్రాలు కొంతమందిమి చిన్నపిల్లలకి చదువు చెబుతుంటాం. గోడమీద ఒక అక్షరాల చార్టు ఉంది. ఒకటో తరగతి పిల్ల ఒకతె వేలు పెట్టి గడగడా చదివేస్తుంది. ఊ ఉయ్యాల, ఋ తాత, ఐ ఏనుగు, ఔ మందు! చార్టులో ఉన్నది ఊయల, ఋషి, ఐరావతం, ఔషధం. ఆ పిల్ల తప్పేం చదవలేదు. బొమ్మ చూసి తనకి తెలిసిన మాట చెప్పింది. గడ్డం తాతని తాత అనే అంది, మందుసీసాని మందు అనే అంది. బొమ్మకీ మాటకీ ఉన్న సంబంధం దాని బుర్రలో ఉంది. అక్షరానికీ మాటకీ సంబంధం కలవాల్సిన చోట మాత్రం తెగిపోయింది, ఎందుకంటే చార్టు వేసినవాళ్ళు ఎంచుకున్న మాట ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు. మర్నాడు మేం ఒక అట్టమీద ఊ పక్కన ఊరు, ఐ పక్కన ఐదు రాసి పెట్టాం. ఋ, ఔలను కొన్నాళ్ళు పక్కన పెట్టాం. వారంలో తేడా కనిపించింది.

మన భాషలో చెప్పాలంటే, చదవడంలో రెండు పనులున్నాయి. ఒకటి అక్షరాలని శబ్దంగా మార్చడం, అది డీకోడింగ్. రెండోది, వచ్చిన శబ్దాన్ని అప్పటికే లోపల ఉన్న మాటల పట్టికతో పోల్చుకోవడం. ఆ పట్టిక పుస్తకం ఇచ్చేది కాదు. అమ్మా నాన్నా, వీధీ, ఆటలూ కలిసి ఐదేళ్ళపాటు పిల్లాడి చెవిలో నింపినది. మొదటి పుస్తకం ఆ పట్టికలోంచి మాటలు తీసుకుంటే పిల్లాడికి అక్షరం ఒక్కటే కొత్త. తీసుకోకపోతే అక్షరమూ కొత్తే, మాటా కొత్తే. తెలుగు లిపి చాలావరకు పలికినట్టే రాసే లిపి కాబట్టి డీకోడింగ్ మనకి ఇంగ్లీషు అంత కష్టం కాదు. ఇంత మంచి లిపి పెట్టుకుని కూడా పిల్లలు తడబడుతున్నారంటే రెండో పని దగ్గర చూసుకోవాలి. రామమూర్తి గారు సవర బడిలోనూ తెలుగు బడిలోనూ పట్టుకున్నది ఈ ఒక్క సంగతినే అని నా నమ్మకం.

అవతలివాళ్ళు మూర్ఖులేం కాదు, ఇది కూడా చెప్పాలి. జయంతి రామయ్య పంతులు గారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు వారు పెద్ద పండితులు. వాళ్ళ భయాలు వాళ్ళకున్నాయి. వాడుకభాష అంటే ఎవరి వాడుక? శ్రీకాకుళం మాటా, నెల్లూరు మాటా, కడప మాటా? ఊరికో రకంగా రాస్తే పుస్తకం ఎవరికి అర్థమవుతుంది? పాత కావ్యాలతో సంబంధం తెగిపోదా? ఇవి కొట్టిపారేసే ప్రశ్నలు కావు. రామమూర్తి గారు కూడా కొట్టిపారేయలేదు. శాసనాలు చదివిన మనిషి కదా, ఆధారాలు తవ్వి తీశారు. పాత గ్రంథాల్లో, శాసనాల్లో, వచన రచనల్లో వాడుక రూపాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఏరి చూపించారు. గ్రాంథికం రాస్తున్నామనుకునే పండితులే దాన్ని తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని వాళ్ళ పుస్తకాల్లోంచే ఎత్తి చూపారు. పెద్దలకే చేతకాని భాష పసిపిల్లల మీద రుద్దడం ఎందుకన్నది ఆయన వాదన సారాంశం.

దారి మాత్రం తిన్నగా సాగలేదు. 1911లో ముప్ఫై ఏళ్ళ సర్వీసు పూర్తిచేసి ఉద్యోగం నుంచి తప్పుకున్నారు. 1912-13లో స్కూల్ ఫైనల్ విద్యార్థులు వ్యాసాన్ని ఆధునిక భాషలోనైనా రాయవచ్చని అనుమతి వచ్చింది. పెద్ద గొడవ జరిగి, అది వెనక్కి పోయింది. 1915లో గురజాడ గారు చనిపోయారు. చిన్నప్పటి నేస్తం, ఉద్యమంలో తోడు, లేకుండా పోయారు. రామమూర్తి గారు ఆగలేదు. 1919లో తెలుగు అనే పత్రిక పెట్టారు, అది ఏడాది నడిచింది. ఊరూరూ తిరిగి ఉపన్యాసాలిచ్చారు. 1925లో తణుకులో సాహిత్య పరిషత్తు సభలోనే నాలుగు గంటలసేపు మాట్లాడి, ప్రయోగాలు ఒక్కొక్కటీ చూపించి, సభని తన వైపు తిప్పుకున్నారు. అవతలివాళ్ళు ఏమంటున్నారో సరిగా వినబడని మనిషి, పుస్తకాల మూట వేసుకుని వెళ్ళి నాలుగు గంటలు నిలబడి వాదించడం ఊహించుకోండి. మనకి సెమినార్‌లో పది నిమిషాలు మాట్లాడమంటేనే కాళ్ళు వణుకుతాయి.

ఇంత గొడవలోనూ సవరని వదల్లేదు. ఆయన సవర భాషా వ్యాకరణాన్ని ఇంగ్లీషులో మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. దాదాపు ముప్ఫై ఐదేళ్ళ కష్టం. కొడుకు సీతాపతి గారు కూడా ఆ పనిలో తోడు నిలిచారు, తర్వాత తానే పెద్ద పండితుడయ్యారు. ప్రభుత్వం కైజర్ ఇ హింద్ బంగారు పతకం ఇచ్చింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఆ వైపు వెళ్ళిపోయింది. ఐదు దశాబ్దాలకు పైగా బతికిన ఊరిని ఆ ముసలి వయసులో వదిలేసి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆయన ఊరు వదిలిన 1936లోనే ఇంకో సంగతి జరిగింది. మంగేయ్ గొమాంగో అనే ఆయన సవరకి సొంత లిపి తయారుచేశారు, దాని పేరు సొరాంగ్ సొంపెంగ్. 2012లో అది యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో సవరతో సహా కొన్ని గిరిజన భాషల్లో చిన్న తరగతులకి వాచకాలు తయారయ్యాయి. రామమూర్తి గారు వేసిన దారే అది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఇప్పుడు వచ్చుచున్నాడు లేదు, వస్తున్నాడు ఉంది. అంటే ఆయన గెలిచారు. మరి ఈ కథ ఇక్కడితో అయిపోయిందా?

మన యూకేజీ పిల్లల్ని చూడండి. ఇంట్లో ఒక్క ఇంగ్లీషు మాట వినని పిల్లాడి చేతిలో ఫోనిక్స్ పుస్తకం పెడతాం. వాడు క్, యా, ట్, క్యాట్ అని చక్కగా కలిపి చదువుతాడు. అందరం చప్పట్లు కొడతాం. లండన్‌లో పిల్లాడు అలా కలిపి చదవగానే వాడి కళ్ళముందు పిల్లి కనిపిస్తుంది. మనవాడికి శబ్దం వినిపిస్తుంది, పిల్లి రాదు. దాన్ని పిల్లి అని ఎవరో మళ్ళీ చెప్పాలి. పద్ధతి మంచిదే, పుస్తకమూ మంచిదే, కానీ అది ఇంకొకరి చెవి కోసం రాసిన పుస్తకం. ఇంగ్లీషు వద్దని నేను అనను, మనం చదివే సబ్జెక్టులన్నీ దాంట్లోనే ఉన్నాయి. రామమూర్తి గారు కూడా ఇంగ్లీషులోనే వ్యాకరణం రాశారు. వరుస మాత్రం మారకూడదు. ముందు మాట చెవికి రావాలి, ఆ తర్వాత అక్షరం కంటికి. ఇంగ్లీషు నేర్పాలంటే ముందు ఆ పిల్లాడితో ఇంగ్లీషు మాట్లాడాలి, ఆడించాలి, పాడించాలి. చదివించడం ఆ తర్వాత. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి సంవత్సరంలో పేజీలు పేజీలు పైకి చదివి, ఏం చదివామో తెలియక రాత్రిళ్ళు హాస్టల్ మెట్లమీద కూర్చున్నవాళ్ళకి నేను చెప్పేది ఇంకా బాగా తెలుస్తుంది. లోపం మన తెలివిలో లేదు, మాట కన్నా అక్షరం ముందొచ్చేసింది.

మనలో చాలామంది సెలవుల్లో ఊళ్ళకి వెళ్ళినప్పుడు తమ్ముళ్ళకో, చెల్లెళ్ళకో, పక్కింటి పిల్లలకో చదువు చెబుతుంటాం. వాళ్ళకి పుస్తకం ఇచ్చే ముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. పుస్తకం మూసి, అందులో ఒక పేజీని మీరే పైకి చెప్పండి. పిల్లాడు విని నవ్వాడా, ఎదురు ప్రశ్న వేశాడా, అయితే అది వాడి మొదటి పుస్తకం కావచ్చు. బిక్కమొహం వేశాడా, ఆ పుస్తకాన్ని ఇంకో ఏడాది అటక మీద పెట్టండి. ఈలోగా నాలుగు తెల్లకాగితాలు కుట్టి, వాడు రోజూ అనే మాటలు, వాళ్ళ మేక పేరు, వాళ్ళ వీధి పేరు, వాడికిష్టమైన కూర, పెద్ద అక్షరాల్లో రాసి ఇవ్వండి. వాడే చదువుకుంటాడు.